ఎనిమిది వందల చుట్లు

"పట్టకారు అడిగానండీ, మీ ప్రాణం కాదు," అంది మా అత్తయ్య.

"నా పనిముట్ల పెట్టె జోలికి రావద్దన్నానా లేదా?" మామయ్య పేపరు దించలేదు. "నలభై ఏళ్ళు కరెంటు పని చేశాను. కన్నకొడుకునే అందులో చెయ్యి పెట్టనివ్వలేదు."

"వాడికి బల్బు మార్చడమే రాదు, పెట్టెతో వాడికేం పని?"

మా ఆయన కంచంలోకి చూసుకుంటూ నవ్వాడు.

ఈ గొడవకి వారం. మోకాలు అరిగిందని డాక్టరు కుట్టుమిషన్ తొక్కొద్దన్నప్పటినుంచి అత్తయ్యకి చేతులు ఊరుకోవడం లేదు. ఎవరో ప్లాస్టిక్ గొట్టానికి రాగితీగ చుట్టి, చిన్న బ్యాటరీ తగిలించి, దాని కొసన ఊదారంగు నిప్పురవ్వ పుట్టించడం ఫోన్లో చూసింది. "చుట్టుడు పనేగా, నాకు రానిదేముంది" అని వెంట్రుకంత సన్నటి తీగ తెప్పించింది. వీడియోలో రాసింది నేను ఆపి ఆపి చదువుతుంటే, మిగతా అతుకులు కూడా ఆవిడే వేసింది. వెనకగదిలో మిషన్ బల్ల నిండా ఇప్పుడు ఆ సామానే.

"ఆదివారంలోగా రవ్వ రాలేదో, అదంతా అటకెక్కిస్తాను," అన్నాడు మామయ్య.

"వస్తే?"

"రానీ, చూద్దాం."

మా ఇంట్లో అటకెక్కిన వస్తువు మళ్ళీ కిందికి దిగదు.

గురువారం బ్యాటరీ తగిలించాం. కొసన ఏమీ రాలేదు. తీగ లోపలెక్కడో చిటుక్కుమంది, కాలిన వాసన వేసింది.

"ఏమైంది ఇంజనీరు గారూ?" గుమ్మంలోంచి మామయ్య.

అత్తయ్య తీగంతా విప్పింది. గొట్టం ఒక చివర, రెండు పొరల మధ్య, నల్లటి చుక్క కనిపించింది. దాన్ని గోరుతో గీకి చూసి, నుదురు కొట్టుకుంది.

"బాబిన్‌కి దారం చుట్టినట్టు పైకీ కిందికీ నాలుగు పొరలు చుట్టేశానమ్మాయ్! ముప్ఫై ఏళ్ళ అలవాటు. మొదలు పెట్టిన చోటికే చివర వచ్చి కూర్చుంది. పక్కనే దారి దొరికితే రవ్వ కొసదాకా ఎందుకెళ్తుంది?"

"మరెలా అత్తయ్యా?"

"కాజా కుట్టినట్టు. కుట్టు పక్కన కుట్టు. ఒకదాని మీదొకటి ఎక్కకూడదు, మధ్యలో సందు ఉండకూడదు. ఒకే వరస."

మర్నాడు పొద్దున్నే కొత్త తీగ వచ్చింది. గొట్టాన్ని ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో తిప్పుతూ కుడి బొటనవేలితో తీగని సర్దుతూ రెండు రోజులు కూర్చుంది. వందకోసారి నేను బల్లమీద సుద్దతో గీత పెట్టాను. మధ్యలో మామయ్య కాఫీ అని పిలిస్తే, "నాలుగువందల పన్నెండు" అని జవాబిచ్చింది. ఎనిమిదో గీత దగ్గర తీగ తెంపి, విడిపోకుండా నా గోళ్ళరంగు పూసింది. గొట్టం రాగి రేకు తొడిగినట్టు నున్నగా మెరిసింది.

ఆదివారం మధ్యాహ్నం కర్టెన్లు వేశాం. మామయ్య చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎవరూ ముట్టుకోకండి," అంటూ అత్తయ్య స్విచ్ వేసింది.

కొసన గుండుసూదంత ఊదారంగు రవ్వ సన్నగా బుసకొట్టింది. మా ఆయన చప్పట్లు కొట్టాడు.

"ఇంతేనా?" అన్నాడు మామయ్య.

"తలుపు వెనక మీరు తీసిపెట్టిన ట్యూబ్‌లైటు ఉంది. తెచ్చి దీనికి జానెడు దూరంలో పట్టుకోండి."

"అది మాడిపోయింది. స్వయంగా నేనే తీశాను."

"పట్టుకోండి మీరు."

పట్టుకున్నాడు. ఏ తీగా తగలకుండానే ట్యూబు ఆయన చేతిలో తెల్లగా వెలిగింది. వెనక్కి జరిపాడు, ఆరిపోయింది. ముందుకి జరిపాడు, వెలిగింది. మూడుసార్లు జరిపి చూశాడు.

అత్తయ్య స్విచ్ ఆపింది. మామయ్య కళ్ళజోడు పెట్టుకుని, గొట్టాన్ని కిందినుంచి పైదాకా, ఆయన పాత రోజుల్లో మోటార్లని చూసినట్టు, చూశాడు.

"ఒక్క చుట్టు కూడా మీదకెక్కలేదే," అన్నాడు. కళ్ళజోడు తీస్తూ, "నా చేత్తో ఇంత బాగా రాదు" అన్నాడు.

అత్తయ్య బల్లమీది సుద్ద గీతల్ని కొంగుతో తుడవబోయి, ఎందుకో తుడవకుండా వదిలేసింది. ఆవిడ ముఖం చూసి నాకే గర్వంగా అనిపించింది.

రాత్రి అందరం భోజనాలకి కూర్చున్నాక మామయ్య మంచినీళ్ళు తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"రేపట్నుంచి నా పెట్టె వెనకగదిలో ఉంటుంది," అన్నాడు, ఎవరివంకా చూడకుండా. "అందులోంచి ఎవరికేం కావాలన్నా ఆవిడనడిగి తీసుకోండి. నేనూ అడిగే తీసుకుంటాను."