మేక తిన్న ఇరవై సెంటీమీటర్లు

నేను ఒక ముప్పై మీటర్ల బట్ట టేపును. నిజం చెప్పాలంటే కొన్నేళ్లు ఇరవై సెంటీమీటర్లు తక్కువగా బతికాను. శ్రీకాకుళం వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకి వచ్చిన రెండో ఏడే, వానకి తడిసిన నన్ను గ్రౌండులో ఆరేసి మర్చిపోతే, ఎవరిదో మేక నా కొసని తాపీగా నమిలేసింది. ఊళ్లో గడ్డికి కరువొచ్చిందా అంటే అదీ లేదు. దాని సరదా దానిది.

డ్రిల్లు మాస్టారు తవిటయ్య గారు నన్ను పారెయ్యలేదు. కొత్త టేపుకి అర్జీ పెడితే అది వచ్చేలోపు తాను రిటైరైపోతానని ఆయనకి తెలుసు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. లాంగ్ జంప్ కొలిచేటప్పుడు నా తెగిన కొసని ఒక పిల్ల, కాలు మోపి దూకే చెక్కపలక దగ్గర పట్టుకునేది. ఆయన ఇసక గుంట దగ్గర అంకె చూసి, అందులోంచి ఇరవై తీసేసి రిజిస్టర్లో రాసేవారు. నాలుగేళ్లు లెక్క ఒక్కనాడూ తప్పలేదు.

తప్పు నా మీద జాలితో మొదలైంది. ఒక వేసవి సెలవుల్లో కుట్లు నేర్పే సువార్తమ్మ టీచరు నా కొసకి సరిగ్గా ఇరవై సెంటీమీటర్ల నాడా కుట్టి, సిరాతో గీతలు గీసి, నన్ను మళ్లీ నిండు టేపును చేసింది. బడి తెరిచిన రోజు ఆ సంగతి మాస్టారికి చెప్పింది కూడా. ఆయన ప్రార్థన వరసలు సర్దుతూ మంచిదమ్మా అన్నారు. ఈ చెవిన విన్నది ఆ చెవిన పోయింది. నాకు కొస వచ్చింది గాని ఆయనకి అలవాటు పోలేదు.

ఆ ఏడు పదో తరగతిలో నూకరత్నం ఉండేది. ఆ పిల్ల పరుగెత్తుకొస్తుంటే చూడ్డం నాకెంత ఇష్టమో చెప్పలేను. నాలుగు మీటర్లు దూకినవాళ్లకే జిల్లా పోటీలు. అక్కడ నెగ్గితే క్రీడా హాస్టల్లో సీటు, తిండి, చదువు. లేదంటే పదితో సరి, తనతోపాటు జీడిపప్పు ఫ్యాక్టరీకి రావాలని తల్లి ముందే చెప్పేసింది.

ఎంపిక రోజున నూకరత్నం నాలుగు మీటర్ల ఏడు దూకింది. నా ఒంటి మీది అంకె నాకు తెలియదా? మాస్టారు ఇరవై తీసేసి, మూడు ఎనభై ఏడు అన్నారు.

"కాదు సారూ, నాలుగు దాటీసినాను. నా కాలికి తెల్సిపోతాది" అంది నూకరత్నం.

ఆయన ప్రేమగానే తల నిమిరారు. "కాలు పొరబడొచ్చమ్మా. టేపు అబద్ధమాడదు."

నోరు లేని బతుకు మీద నాకంత రోత ఎప్పుడూ పుట్టలేదు.

మరుసటి ఏడు ఎంపికల్లో, కొస పట్టుకునే పిల్ల రాకపోతే సువార్తమ్మ టీచరు వచ్చి పట్టుకుంది. మాస్టారు ఇరవై తీసెయ్యడం విని, "అదేటి మాస్టారూ, మేక తిన్నది నేను కుట్టీసినాను కదా" అంది. ఆయన అప్పటికప్పుడు పాత రిజిస్టరు తెప్పించి చూశారు. ఇరవై కలిపితే నాలుగు దాటే పేరు ఒక్కటే ఉంది.

ఆదివారం పొద్దున్నే నన్నూ రిజిస్టర్నీ సైకిలుకి కట్టుకుని నూకరత్నం ఇంటికి వెళ్లారు. జీడి రసానికి ఆ పిల్ల వేళ్లు నల్లబడి, తోలు ఊడి ఉన్నాయి. మాస్టారు జరిగినదంతా చెప్పి, "తప్పు నాదమ్మా. నీ కాలిది కాదు" అన్నారు. జూనియర్ కాలేజీలో చేరడానికి ఇంకా వారం గడువుందని, అక్కడా పోటీలుంటాయని, తానే దగ్గరుండి చేర్పిస్తానని చెప్పారు.

నూకరత్నం ఏడవలేదు. పర్వాలేదు సారూ అని కూడా అనలేదు. నన్ను అందుకుని, కొస తల్లి చేతికిచ్చి, నాలుగు మీటర్ల ఏడు దాకా వాకిట్లో లాగింది. అక్కడ నిలబడి తల్లి వైపు తిరిగింది.

"ఇంత దూరం దూకినానమ్మా" అంది. "రేపు పనికి నేను రానని మేస్త్రికి సెప్పీ."

తల్లి ఆ నేలంతా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి చూసింది.

"సెప్తాన్లే" అంది. "ముందు ఆ సేతులకి కొబ్బరినూని రాసుకో."