మినార్ దగ్గర

"మెదినే, మినార్ వచ్చేలోపు టీలు అందరికీ అందాలి. నేను కథ చెప్తున్నప్పుడు గ్లాసుల చప్పుడు వినపడకూడదు," అన్నాడు అబూజెర్, మైకులోకి ఊది చూసుకుంటూ.

మెదినే పడవ వెనకాల పెనం ముందు కూర్చుని, జున్ను పెట్టిన పల్చటి గోజ్లెమె రొట్టెలు తిరగేస్తోంది. పొద్దున్నే పిండి కలిపేదీ, పడవ కడిగేదీ, హల్ఫెతీ రేవులో ఇస్తాంబుల్ నుంచి చూడ్డానికొచ్చే వాళ్లకి చెయ్యందించి ఎక్కించేదీ ఆమే. ఎవరైనా అడిగితే అబూజెర్ జవాబొక్కటే: "మా ఆవిడా? పనేం లేదు, ఊరికే తోడొస్తుంది."

ఆనకట్ట కట్టాక యూఫ్రటీస్ నది వెనక్కి పొంగి పాత ఊరిని మింగి పద్నాలుగేళ్లయింది. మసీదు మినార్ ఒక్కటే నీళ్లపైన మిగిలింది. దాన్ని చూడ్డానికే ఇంతమంది. అక్కడికి రాగానే అబూజెర్ గొంతు బరువెక్కేది. "మన కిందే నా భార్య పుట్టిల్లు. నలభై రోజులు ఏడ్చింది పాపం." ఫోన్లన్నీ ఆమె వైపు తిరిగేవి. ఇల్లు పోయిన మాట నిజమే కదా అని సరిపెట్టుకునేది.

అతను చెప్పని సంగతి ఒకటుంది. మినార్ పక్కనే శ్మశానం. అందులో ఆమె తొలి బిడ్డ. మూడు రోజులే బతికింది. "మూడు రోజుల దానికి పేరెందుకే, పైగా ఆడపిల్ల," అంది అత్త. ఊరు మునిగే ముందు సమాధులు తరలిస్తామని అధికారులొస్తే, అబూజెర్ తన తండ్రి పేరూ తాత పేరూ రాయించాడు. మరి మన పాప, అని తలుపు చాటునుంచి అడిగింది మెదినే. "పేరు లేనిదాన్ని ఏమని రాయించనే? నలుగురిలో నవ్వులపాలు చెయ్యకు." పేరుంది. పాలిస్తూ ఆ మూడు రోజులూ బిడ్డ చెవిలో తను చెప్పుకున్న పేరు. ఆనాడు నోరు పెగల్లేదు. అందుకు తనని తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఆ రోజు జనంలో హుషారు లేదు. ఫోన్లలో తలలు దూర్చి కూర్చున్నారు. అబూజెర్ మైకు ఇంకా దగ్గరికి తీసుకున్నాడు.

"ఇక్కడే, ఈ నీళ్ల అడుగున, నా తొలి కొడుకు నిద్రపోతున్నాడు."

ముందు వరసలో ఒక ముసలావిడ గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యో తండ్రీ! పేరేంటి నాయనా?"

"యూసుఫ్," అన్నాడు తడుముకోకుండా.

పెనం మీద రొట్టె మాడింది. ఉన్న కూతురికి దొరకని పేరు, లేని కొడుక్కి రెప్పపాటులో దొరికింది. మెదినే పొయ్యి ఆర్పి, బల్లల మధ్యగా నడిచొచ్చింది.

"ఇంజన్ ఆపు, అబూజెర్."

నలుగురిలో మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం అదే మొదలు. అతను నవ్వు మొహంతోనే పళ్లు కొరికాడు. "పోయి టీ పొయ్యి."

ఆమె ముసలావిడ వైపు తిరిగింది. "కొడుకు కాదు పెద్దమ్మా. ఆడపిల్ల. పేరు నెర్గిజ్. నేనే పెట్టాను."

ఈసారి ఫొటో తియ్యడానికి ఎవరూ ఫోన్ పైకెత్తలేదు. అబూజెర్ మైకు కట్టేసి, ఆమెకి మాత్రమే వినపడేలా అన్నాడు: "ఇంటికి పద, నీ సంగతి చెప్తాను."

వెళ్లడానికి ఆమెకి ఇంకో ఇల్లు లేదు. అయినా మెల్లగా అంది:

"రాను."