పెంగ్విన్ మింగిన గొంతు

మా అన్నయ్య గొంతు రెండుసార్లు పోయింది. మొదటిసారి డాక్టర్లు తీశారు. రెండోసారి నేను తీశాను. డాక్టర్లు కనీసం మత్తిచ్చి తీశారు.

అన్నయ్య బస్సు టెర్మినల్‌లో అనౌన్సరుగా పనిచేశాడు. మైకులో ఆయన "ప్రయాణికులకు విజ్ఞప్తి" అన్నాడంటే పరిగెత్తేవాడు ఆగేవాడు, ఆగినవాడు పరిగెత్తేవాడు. అలాంటి గొంతులో గడ్డ లేచింది. ఆపరేషనుకు ముందు మా బామ్మర్ది ఓ గదికి చుట్టూ బొంతలు కట్టి, అన్నయ్యను లోపల కూర్చోబెట్టి, వారాల తరబడి మాటలు చెప్పించి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఇప్పుడు అన్నయ్య టైపు చేస్తే చాలు, స్పీకర్లోంచి అదే గొంతు, అదే సాగదీత.

ఆ గొంతు అందరికంటే ఎక్కువ అవసరం వదినకు. ఆవిడకు చూపు మసకబారి, ఆ మసక కూడా పోయి, వెలుగూ నీడా మాత్రం మిగిలాయి. ఆయన రాస్తే ఆవిడ చదవలేదు, ఆవిడ అడిగితే ఆయన చెప్పలేడు. ఇద్దరి మధ్యా వంతెన ఆ కంప్యూటర్ డబ్బా ఒక్కటే. అది దగ్గర లేనప్పుడు చప్పట్లు. ఒకటి కొడితే ఔను, రెండు కొడితే వద్దు. అవసరానికి సరే, చప్పట్లతో కాపురం ఎంతసేపు సాగుతుంది?

డబ్బాలో విండోస్ బదులు లైనక్స్ పెట్టింది కూడా బామ్మర్దే. "ఫ్రీ బావా! వైరస్ రాదు, ఎవడి పెత్తనమూ ఉండదు. ఓపెన్ సోర్స్!" అన్నాడు. ఓపెన్ సోర్స్ కాదది, ఓపిక సోర్స్. ప్రింటర్ తగిలిస్తే వైఫై అలిగేది. వైఫైని బుజ్జగించేలోపు ప్రింటర్ పుట్టింటికి పోయేది. లైనక్స్ గుర్తు పెంగ్విన్ పక్షి. వాడికి అది పెంగ్విన్, మాకు పెనుగులాట.

ఆ రోజు పొద్దున తెర మూల నారింజ రంగు గుర్తు ఒకటి మెరుస్తోంది. అప్‌డేట్ ఉందట. పంట్లో ఇరుక్కున్న పీచులా ఎన్నాళ్ళనుంచో విసిగిస్తోంది కదా అని నొక్కేశాను. అప్‌డేట్ అంటే అప్పుడే ఏట్లో కలపడమని నాకేం తెలుసు?

భోజనాల దగ్గర వదిన గరిటె పట్టుకుని నిలబడింది. "ఏమండీ, ఇంకొంచెం వెయ్యనా?"

అన్నయ్య పక్కనున్న కీబోర్డు మీద టైపు చేశాడు. తెరమీద 'చాలు' అని పడింది. స్పీకర్ పలకలేదు. మళ్ళీ నొక్కాడు. పలకలేదు. చివరికి రెండు చప్పట్లు కొట్టాడు.

"అదేంటండీ, డబ్బా ముందు కూర్చుని చప్పట్లేంటి? గొంతేదీ?" అంది వదిన.

ఆవిడ ముఖం నావైపు తిరిగింది. "ఏమయ్యా మరిదీ, ఆయన గొంతేదయ్యా?"

"లైనులో ఉంది వదినా. లైనక్స్ కదా, లైను కాస్త పెద్దది" అన్నాను. నా జోకుకు నేను కూడా నవ్వలేదు. బొంతల గదిలో ఎక్కించిన మాటలకు మరో కాపీ లేదు. ఈసారి వచ్చినప్పుడు తీస్తానన్న బామ్మర్ది ఇప్పుడు విమానంలో ఉన్నాడు, ఫోను ఆపేసి ఉంది.

తీగలన్నీ పీకి మళ్ళీ పెట్టాను. డబ్బా ఆపి మళ్ళీ ఆన్ చేశాను. నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు చీమల బారులా పాకి, మళ్ళీ మామూలు బొమ్మ వచ్చింది. శబ్దం మాత్రం రాలేదు. వాళ్ళ ముందు చెమటలు కక్కడం ఇష్టంలేక డబ్బా, తెర, కీబోర్డు, మౌసు, స్పీకర్లు అన్నీ నా గదిలోకి మోసుకుపోయాను.

లైనక్స్ వాడే మనవాళ్ళ గుంపు ఒకటి ఉందని బామ్మర్ది ఎప్పుడో ఫోనులో చేర్పించాడు. అందులో రాశాను. 'అప్‌డేట్ తరవాత శబ్దం పోయింది. మా అన్నయ్య మాట్లాడేది దీంతోనే. దయచేసి సాయం చేయండి.'

'ఏ డిస్ట్రో?' అని ఒకాయన అడిగాడు. మా లైనక్స్ ఏ రకమో చెప్పాను. 'అదా! పిల్లలాడుకునేది. ముందు మంచిది వేసుకోండి' అన్నాడు. డిస్ట్రో కాదు, మాకు తగిలింది దిష్టి.

'ఇక్కడ గోరుముద్దలు పెట్టరు మాస్టారూ, మాన్యువల్ చదువుకుని రండి' అన్నాడు ఇంకో మాన్యుడు.

'మా ఇంట్లో బ్రహ్మాండంగా పలుకుతోందే? లోపం మీలోనే ఉంది' అన్నాడు మూడోవాడు. ఆ తరవాత ఇద్దరు నా సంగతి వదిలేసి, ఎవరి లైనక్స్ గొప్పదో తేల్చుకోవడానికి కలబడ్డారు. అది ఫోరం కాదు, ఘోరం.

అంతలో రూట్‌రాజా అనే పేరుతో ఒకడొచ్చాడు. 'ఈ ఒక్క లైను టెర్మినల్‌లో కొట్టు బ్రో. దెబ్బకు నీ సమస్యలన్నీ మాయం!' కింద నలుగురైదుగురు నవ్వు ముఖాలు పెట్టారు. పాపం, నా కోసం సంతోషిస్తున్నారనుకున్నాను.

లైను 'సుడో' అని మొదలైంది. మన సుడి తిరిగిందనుకుని అరచేతిలో రాసుకున్నాను. ఫోను తీసుకెళ్ళి అన్నయ్య చేతిలో పెట్టాను. "బామ్మర్ది ఫోను చేస్తాడేమో చూస్తుండు. చేస్తే వదినా, నువ్వో కేకెయ్యి" అని గదిలోకి వచ్చి టెర్మినల్ తెరిచాను. ఆజ్ఞలు టైపు చేసే నల్లటి కిటికీ. అందులో మిణుకుమంటూ ఒక తెల్ల గీత. ముప్పై ఏళ్ళు ఒక టెర్మినల్‌లో మోగిన గొంతు ఇప్పుడు ఈ టెర్మినల్‌లో ఇరుక్కుంది.

చెమటకు అరచేతిలో సిరా కారుతోంది. పూర్తిగా చెరిగేలోపు చూసి కొట్టాను. పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాను. తెరమీద ఏమీ పడలేదు. అక్షరం లేదు, చుక్క లేదు. కీబోర్డు కూడా పోయిందా దేవుడా అనుకుని, గట్టిగా మళ్ళీ మొదటినుంచి కొట్టి ఎంటర్ నొక్కాను. తప్పంది. ఇంకోసారి కూడా అంతే. పైకి చూపించకుండా లోపల వింటోందేమోనని అప్పుడు తట్టింది, అన్నయ్యలాగా. గుడ్డిగా, ఒక్కసారే, జాగ్రత్తగా కొట్టాను. వేలు ఎంటర్ మీద పెట్టాను.

హాల్లో రెండు చప్పట్లు వినిపించాయి.

వదిన ఏదో వడ్డించబోతోంది కాబోలు అనుకున్నాను. మళ్ళీ రెండు. మళ్ళీ రెండు. తరవాత రేకుల మీద వడగళ్ళలా, ఆగకుండా.

"మరిదీ! వద్దంటున్నారు!" అని వదిన అరిచింది. "ఏం చేస్తున్నావో గానీ చెయ్యి తియ్యి!"

"ఒక్క నొక్కుడే వదినా, అయిపో..."

"తియ్యమంటుంటే! ఈయన ఇలా ఎప్పుడూ కొట్టలేదయ్యా!"

కుర్చీ పడ్డ చప్పుడు. నా వేలు దానంతటదే లేచింది. తెలివితో కాదు, భయంతో.

తలుపు తోసుకుని అన్నయ్య వచ్చాడు. నోరు తెరిచి ఉంది, కేక లేదు. మెడ దగ్గరి రంధ్రంలోంచి ఊపిరి ఈలలా వస్తోంది. ఫోను నా ముఖం మీదికి తోశాడు. గుంపులో 'నిదానం' అనే పేరుతో ఎవరో రాశారు. 'అయ్యా, ఆ లైను కొట్టకండి. అది రిపేరు కాదు. మీ డిస్కులో ఉన్నదంతా తుడిచేస్తుంది. వీళ్ళు తమాషా చేస్తున్నారు.'

చదివాను. మంచం మీద కూలబడ్డాను. బొంతల గదిలో వారాల తరబడి చెప్పిన మాటలు, వదిన పేరు, విసుగులు, ముద్దులు, అన్నీ నా చిటికెన వేలి కింద ఉన్నాయి. అక్షరాలు చూపించలేదని నేను తిట్టుకున్న ఆ వెధవ పాస్‌వర్డే, అన్నయ్య ఆ మాట చదివేదాకా నన్ను ఆపింది.

అన్నయ్య నల్ల కిటికీ మూసేశాడు. నిదానం ఇంకో మాట రాశారు. 'సెట్టింగ్స్‌లో సౌండ్ తెరవండి. అవుట్‌పుట్ దగ్గర ఏముందో చూసి, స్పీకర్లు ఎంచుకోండి.'

నాకు మౌసు ముట్టుకునే ధైర్యం లేదు. అన్నయ్యే నొక్కాడు. అప్‌డేట్ శబ్దాన్ని స్పీకర్లకు కాకుండా తెరకు పంపుతోంది. ఆ తెరకు నోరు లేదు. అన్నయ్య అప్పటిదాకా పలుకుతూనే ఉన్నాడు, మూగదాని చెవిలో.

రూట్‌రాజా మళ్ళీ వచ్చాడు. 'సరదాకన్నా బ్రో, లైట్ తీసుకో.' మాటకు మాట అంటించడంలో ఈ వీధిలో నన్ను మించినవాడు లేడు. ఈసారి మాత్రం ఫోను బోర్లా పెట్టేశాను.

"ఏమండీ... ఉన్నారా?" హాల్లోంచి వదిన గొంతు చిన్నగా వచ్చింది. గోడ తడుముకుంటూ ఆవిడ కూడా బయలుదేరినట్టుంది.

అన్నయ్య స్పీకర్లు ఎంచుకుని టైపు చేశాడు.

"ఉన్నాను" అంది స్పీకరు, ప్లాట్‌ఫారం చివరిదాకా వినిపించేంత సాగదీసి. "ఇక్కడే ఉన్నాను."

గోడ మీద చేతి చప్పుడు ఆగిపోయింది. "అన్నం చల్లారిపోయింది, రండి" అంది వదిన.

ఆయన వెళ్ళాక నేను ఇంట్లో ఉన్న పెన్‌డ్రైవులన్నీ ఏరుకొచ్చి, ఆ మాటలు కాపీ చేయడం మొదలుపెట్టాను. సగంలో ఉండగా తెర మూల నారింజ రంగు గుర్తు మళ్ళీ మెరిసింది.

"అన్నయ్యా, ఇంకో అప్‌డేట్ ఉందంటోంది!" అన్నాను.

హాల్లోంచి ఠపఠపా రెండు చప్పట్లు. గాజులు కూడా గలగలమన్నాయి.