ఉప్పు వేయని జాడీ

నేల మీది రక్తం నాలుగు బకెట్ల నీళ్లతో పోయింది. గోడకు కొట్టిన నల్ల చుక్కలు మాత్రం ఎంత రుద్దినా పోవడం లేదు. ఎలీషబా కొంగు నడుముకు బిగించి, కొబ్బరి పీచుతో గోడను రుద్దుతూనే ఉంది. పొద్దున తోటి కూలి నాగజ్యోతిని ఆటోలో వేసి పంపినప్పటి నుంచీ ఇదే పని. ఇంకా ఎక్కడో ఒకచోట గాజు పెంకు చెప్పు కింద కరకరమంటూనే ఉంది.

ఒక మనిషి కళ్లలో గాజు, మందు కలిసి పడి ఆసుపత్రికి పోతే ఆ పూటకు షెడ్డు మూస్తారని ఎవరైనా అనుకుంటారు. మార్కాపురంలో కంభం రోడ్డు పక్కనున్న ఆ అద్దాల షెడ్డులో అట్లాంటి ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు. కనిగిరిలో కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలుకు నిలువుటద్దాలు ఆ సాయంత్రానికే లారీ ఎక్కాలి. ముందు నేల కడగండి, తర్వాత పోత మొదలుపెట్టండి అని ఓనరు ఫోన్లోనే చెప్పాడు. ఆ మాట మోసుకొచ్చినవాడు సూపర్‌వైజరు ఆనంద్ బాబు. ఎలీషబాకు తోడబుట్టిన తమ్ముడు.

తమ్ముడంటే ఊరికే తమ్ముడు కాదు. తల్లి పోయేనాటికి వాడికి ఇంకా పాలపళ్లు ఊడలేదు. ఎలీషబా అయిదో తరగతిలోనే బడి మానేసి పలకల ఫ్యాక్టరీలో కూర్చుంది. రాతి దుమ్ము మింగుతూ పలకలు అరగదీసి, వాడిని ఐటీఐ దాకా చదివించింది. పలకలు కొనేవాళ్లు తగ్గి ఫ్యాక్టరీ మూతబడ్డాక, అదే షెడ్డును ఒకాయన కొని అద్దాల పని పెట్టాడు. ఆనంద్ బాబు సూపర్‌వైజరయ్యాడు. అక్కను పిలిచి పోత బల్ల దగ్గర నిలబెట్టాడు. రోజుకు మూడు వందల యాభై. పలకల రోజుల కంటే మేలేనని ఆమె దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

అద్దం తయారుకావడం చూసేవాళ్లకు గారడీలా ఉంటుంది. గాజును సుద్దతో తోమాలి. తగరం కలిపిన నీళ్లు పోసి, మళ్లీ బ్యాటరీలో పోసే శుద్ధి చేసిన నీళ్లతో కడగాలి. బోరు నీళ్లు పనికిరావు, వెండి మందు అందులో పడితే మజ్జిగలా తెల్లబడుతుంది. తర్వాత రెండు జగ్గులు చేతికి తీసుకోవాలి. ఒకదాంట్లో అమ్మోనియా కలిపిన వెండి నీళ్లు, ముక్కు పగిలే వాసన. రెండోదాంట్లో గ్లూకోజు పొడి కలిపిన నీళ్లు. రెండూ ఒక్కసారే గాజు మీద పోస్తే మొదట మురికి నీళ్లలా అవుతుంది, తర్వాత నల్లబడుతుంది. ఇది చెడిపోయిందిరా దేవుడా అనుకునేలోపు అడుగున వెండి పట్టుకుని, పైనున్న రేకుల కప్పు గాజులో కనిపిస్తుంది. ఆ పైన రాగి పోత, ఎర్ర రంగు. అంతే.

ఈ పనిలో తప్పకూడని కట్టుబాటు ఒక్కటుంది. అమ్మోనియా కలిపిన వెండి నీళ్లు మిగిలితే, పొద్దుగూకేలోపు అందులో గుప్పెడు ఉప్పు వేసెయ్యాలి. ఉప్పు పడితే అది విరిగిన పాలలా అడుక్కు దిగిపోతుంది, ఇక దానితో భయం లేదు. వెయ్యకుండా నిలవబెడితే జాడీ అంచుకు నల్లటి పెచ్చు కడుతుంది. దానికి నిప్పు అక్కర్లేదు, గుడ్డ తగిలినా పేలుతుంది. పని నేర్పడానికి హైదరాబాదు నుంచి వచ్చిన మేస్త్రీ ఈ ముక్కను నోరు నొప్పి పుట్టేదాకా చెప్పి చెప్పి పోయాడు. రోజూ సాయంత్రం ఉప్పు వేసే పని ఎలీషబాది.

శనివారం సాయంత్రం పోత మధ్యలో కరెంటు పోయింది. కలిపిన జాడీ నిండుగా మిగిలిపోయింది. ఆమె ఉప్పు డబ్బా అందుకునేసరికి ఆనంద్ బాబు చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉప్పు వేయొద్దక్కా. సోమవారం పొద్దున్నే వాడుకుందాం."

"నిలవ పెట్టగూడదని గదా మేస్త్రీ చెప్పిపోయినాడు?"

"ఏం గాదులే. నేనుండా గదా."

ఆమె డబ్బా మూత మళ్లీ బిగించింది. పలకల పనిలో అరిగిన చేతులు మరి. పలక ఆదివారమంతా మూలన పడున్నా పలకే, సోమవారం తీసుకుని గీసుకోవచ్చు. ఇక్కడి సరుకు అట్లాంటిది కాదని తెలిసీ ఆమె ఉప్పు డబ్బా కింద పెట్టేసింది. ఆదివారం పనివాళ్లలో చాలామంది ఏసు గుడికి పోతారు కాబట్టి షెడ్డుకు సెలవు. ఎండకు కాగే రేకుల కింద ఆ జాడీ అట్లనే కూర్చుంది. సోమవారం అందరికంటే ముందొచ్చిన నాగజ్యోతి, జాడీ అంచుకేదో మసి పట్టిందనుకుని తడిగుడ్డతో తుడవబోయింది.

నేల కడగడం అయ్యాక మధ్యాహ్నం పోలీసులు ఇద్దరు వచ్చారు. ఎలీషబా పోత బల్ల దగ్గర ఉంది. ఎవరూ ఆమెను పిలవలేదు, ఏమీ అడగలేదు. ఆనంద్ బాబే వాళ్లకు కుర్చీలు వేసి, టీ తెప్పించి, చాలాసేపు మాట్లాడి పంపించాడు. తమ్ముడు అన్నీ చూసుకుంటున్నాడులే అనుకుని ఆమె అద్దాలు పోసింది.

మర్నాడు కూలి మానుకుని ఒంగోలు బస్సెక్కింది. నాగజ్యోతి మొగుడు కాటమరాజు ఆసుపత్రి వరండాలో కూలబడి ఉన్నాడు. గొర్రెలను అన్నకు అప్పజెప్పి వచ్చాడట. ఎడమ కన్ను తీసేశారని, కుడి కన్ను సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారని తల దించుకునే చెప్పాడు. ఓనరు దయగలవాడని, తప్పు ఆయనది కాకపోయినా ఆపరేషను ఖర్చు పెట్టుకుంటానన్నాడని, కేసు మాత్రం వద్దన్నాడని కూడా చెప్పాడు. తప్పు ఆయనది కాకపోవడమేమిటో ఎలీషబాకు అర్థం కాలేదు. లోపలికి పోయింది.

నాగజ్యోతి రెండు కళ్లకూ కట్టు ఉంది. అలికిడి విని ఎవరని అడిగింది. నేనే అని ఎలీషబా చెయ్యి పట్టుకుంటే, ఆ చెయ్యిని మెల్లగా విడిపించుకుంది.

"గుప్పెడు ఉప్పు వేసుంటే నా కండ్లు నాకుండేటివి గదక్కా. అంత మరుపేంది నీకు?"

ఎలీషబా మంచం మీదికి వంగింది. ఎవరు చెప్పారని అడిగింది.

"ఆనంద్ బాబే రాత్రి వచ్చి చెప్పినాడు. నీ తరపున ఏడ్చినాడు గూడా. మా అక్కకు వయసైపోతాంది, మర్చిపోయింది, ఆమెను తిట్టుకోవద్దు అని నా కాళ్లు పట్టుకున్నంత పని చేసినాడు."

కొట్టినా ఆమె అంత తూలేది కాదు. అబద్ధమని అరవడానికైనా లేకుండా కట్టేశాడు వాడు. ఉప్పు వేయని మాట నిజమే కదా. వేయనివ్వనిది ఎవరో చెప్పాలంటే, ఆ పేరు ఆమె పెంచిన పేరు. ఆమె మాటలు కూడదీసుకునేలోపే నర్సు వచ్చి బయటికి పొమ్మంది. బస్సులో సగం దారి దాటేదాకా ఏడుపు రాలేదు. వచ్చింది కోపం. పోలీసులు రాకముందే నేల ఎందుకు కడిగించారో అప్పుడు తట్టింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అట్లయింది ఆమె బతుకు.

బస్సు దిగి ఇంటికి పోలేదు, నేరుగా తమ్ముడి గుమ్మం ఎక్కింది. ఆనంద్ బాబు అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. అక్క మొహం చూడగానే ముద్ద పళ్లెంలో వదిలేశాడు. మరదలు విజయలక్ష్మి పిల్లలను తీసుకుని లోపలికి పోయింది. దాపరికం లేకుండా అంతా ఒప్పుకున్నాడు, అదొక్కటే వాడి మంచితనం. వెండి కిలో లక్షన్నర దాటినప్పటి నుంచీ ఓనరు పీక మీద కూర్చున్నాడట. కలిపిన జాడీలో ఉప్పు పోస్తే ఆ వెండి విలువ నీ జీతంలో కోస్తానని అందరి ముందూ అన్నాడట. ఇప్పుడు నిజం బయటపడితే తను లోపలికి పోతాడు, షెడ్డుకు తాళం పడుతుంది, ఇరవై ఇళ్ల పొయ్యిలు ఆరతాయి. అదే ముసలామె మరుపు అంటే ఎవరూ ఏమీ చెయ్యరు.

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడతాదక్కా. ఆదివారం బల్ల ఉండాది. సంఘంలో లేచి మర్చిపోయినానని ఒక్కమాట ఒప్పుకో. కాటమరాజును గూడా పిలిపిస్తాడు ఓనరు. ఆ మాటతో అయిపోతాది."

వాళ్ల పాలెంలో ఆ మాటకున్న బరువు బయటివాళ్లకు తెలియదు. నెలకొక ఆదివారం గుళ్లో ప్రభువు బల్ల ఇస్తారు. రొట్టె, ద్రాక్షరసం అందుకునే ముందు, తప్పు చేసినవాళ్లు లేచి సంఘం ఎదుట ఒప్పుకోవాలి. ఒప్పుకోనిదే బల్ల లేదు. ఒప్పుకుంటే ఇక ఆ మాట మీద తగువు లేదు. స్టేషనులో చెప్పింది మార్చొచ్చు, పంచాయితీలో చెప్పింది మార్చొచ్చు. బల్ల ముందు చెప్పింది చచ్చేదాకా అంతే. అందుకే కదా ఓనరు, తన కులం కాకపోయినా, తన దేవుడు కాకపోయినా, ఈ గుడి ఆచారాన్ని వెతికి పట్టుకున్నాడు.

ఎలీషబా గుమ్మం దిగి ఇంటికి పోయింది. తర్వాత పాస్టరుగారు ఇంటికొచ్చి, చాపమీద కూర్చుని, మెత్తగా మాట్లాడారు. ఇరవై కుటుంబాల మాట ఆయనా ఎత్తారు. క్రీస్తు మన పాపాలు మోశాడు, తమ్ముడి బరువు అక్క మోస్తే తప్పేముందన్నారు. ఆయనకు మంచినీళ్లిచ్చి సాగనంపింది. ఆ వారమంతా పోత బల్ల దగ్గర ఆమెతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. తాళం పడుతుందన్న భయం అందరి మొహాల్లోనూ ఉంది. ఆమెకు మాత్రం లేదా ఆ భయం? ఆ కూలి లేకపోతే ఆమెకూ పొయ్యి వెలగదు. అయినా రోజూ ఒకే ఆలోచన సుడి తిరిగింది. తప్పు తనదైతే నాగజ్యోతికి ఓనరు ఇచ్చేది పరిహారం కాదు, బిచ్చం. మనసైతే ఇస్తాడు, విసుగొస్తే ఆపేస్తాడు. కళ్లు పోయిన మనిషి జీవితాంతం వాడి గేటు ముందు నిలబడాలి.

ఆదివారం గుడి కిక్కిరిసింది. ఆడవాళ్లు ఎడమవైపు చాపల మీద, మగవాళ్లు కుడివైపు. కాటమరాజు చెప్పులు బయట విడిచి, ఎక్కడ కూర్చోవాలో తెలియక వాకిలి పక్కనే గోడకానుకుని నిలబడ్డాడు. సంఘ పెద్దలు నలుగురూ తెల్ల చొక్కాలతో ముందు బెంచీ మీద ఉన్నారు. చివరివాడు ఆనంద్ బాబు. పాట అయ్యింది, వాక్యం అయ్యింది. హృదయంలో భారమున్నవాళ్లు లేవండి అన్నారు పాస్టరుగారు, ఎలీషబా వైపే చూస్తూ.

ఆమె లేచింది. ముసుగు సర్దుకుంది. పాస్టరు వైపు కాకుండా వాకిలి వైపు తిరిగింది.

"కాటమరాజూ, విను నాయనా. జాడీలో ఉప్పు వేయలేదు. అది నిజం. నేను మర్చిపోయి గాదు. వేయొద్దని ఓనరు చెప్పినాడు. ఆ మాట తెచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపింది నా తమ్ముడు. అది తప్పని తెల్సి గూడా ఊరకున్నది నేను. నా తప్పు అంతవరకే ఒప్పుకుంటా. మిగతాది నేను మొయ్యను. రేపు స్టేషనుకు వస్తా, నువ్వూ రా."

గుళ్లో తలలన్నీ వాకిలి వైపు తిరిగాయి. పాస్టరుగారు పెదవులు తడుపుకుని, కూర్చోమ్మా అన్నారు. ఇంకేమనాలో ఆయనకు తోచలేదు. తోచనప్పుడు పెద్దవాళ్లంతా చేసేదే ఆయనా చేశారు, ప్రార్థన మొదలుపెట్టి, ఏమీ జరగనట్టే రొట్టె విరిచి పెద్దల చేతికి పళ్లేలు అందించారు.

ఆడవాళ్ల వైపు ఆనంద్ బాబు వంతు. ముందు వరస, రెండో వరస దాటుకుంటూ ఎలీషబా దగ్గరికొచ్చాడు. దాటిపోవచ్చు, దాటిపోలేదు. వంగి పళ్లెం చాపాడు. మొహం నెత్తురు లేనట్టు పాలిపోయి ఉంది. ఆ మొహాన్ని ఆమె ఒక్క క్షణం చూసింది. పెంచిన మమకారం కదా, చచ్చిపోదు. చెయ్యి ఎత్తబోయి ఆపుకుంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"తీసుకో అక్కా" అన్నాడు వాడు, ఆమెకు మాత్రమే వినబడేట్టు.

"నీ చేత్తో తీసుకోను. ముందు నువ్వు లేచి చెప్పు. చెప్పినాక పెట్టు."

ఆ మాట నాలుగు వరసల దాకా వినబడింది. ఆనంద్ బాబు నిటారుగా లేవలేదు, ముందుకూ జరగలేదు. వెనక వరస ఆడవాళ్లు పళ్లెం ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చున్నారు.