నాలుగో ప్లగ్గు

మా తోడల్లుడు నన్ను 'అన్నయ్యా' అని పిలిచినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మర్యాదగానే పిలుస్తాడు, మండేది కూడా అందుకే. తిడితే తిరిగి తిట్టొచ్చు. మర్యాదని ఏం చేసుకుంటాం?

మా మామయ్య సైన్యంలో వైర్‌లెస్ జీపు నడిపినవాడు. రిటైరయ్యాక అలాంటి జీపే ఒకటి తుక్కు కొట్టులో కనబడితే, దాన్ని ఇంటి వెనక షెడ్డులోకి లాక్కొచ్చుకున్నాడు. ఇరవై ఏళ్ళు అదక్కడే తుప్పు పట్టింది. పోయినేడాది మోకాళ్ళు మొరాయించడం మొదలెట్టాక మా ఇద్దర్నీ పిలిచి పని పంచాడు. బస్సు డిపోలో మెకానిక్‌ని కాబట్టి బండి నాకు. రేడియోలు బాగుచేసే కొట్టుంది కాబట్టి వైర్‌లెస్ సెట్టు తోడల్లుడికి.

"పాత బండ్ల ప్రదర్శన రోజున బయటికి తీద్దాం. ఇది ఎవరి చేతిలో పెట్టాలో ఆ రోజే చెబుతా. ఇద్దరికీ చెరిసగం చెయ్యడానికి ఇదేం రొట్టెముక్క కాదు" అన్నాడు.

నాకా జీపు కావాలి. దాచుకోవడమెందుకు, అన్నం తింటున్నా అదే ధ్యాస. డిపోలో ఇన్నేళ్ళుగా ఎన్ని బస్సులు బాగుచేశానో లెక్కలేదు. ఒక్కటీ నాది కాదు. సాయంత్రానికి ఎవడో డ్రైవరొచ్చి ఎక్కి తోలుకుపోతాడు. ఈ జీపులో మాత్రం నా చెయ్యి తగలని బోల్టు లేదు. బిగుసుకుపోయిన పిస్టన్లని నూనె పోసి వారం రోజులు బతిమాలి బయటికి తీశాను. కార్బురేటర్ని వంటింటి బల్ల మీద విప్పినందుకు ఇంట్లో మూడు రోజులు మాటల్లేవు.

ఇంజను మొదటిసారి అందుకున్న రోజున మామయ్య ముందు చెవి, ఆ తర్వాత చెయ్యి బానెట్ మీద ఆనించి, "ఊఁ" అన్నాడు. ఆ ఒక్క అక్షరమే నాకు దక్కిన మెప్పు.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే వచ్చి ఇంజను ఆన్ చెయ్యమనేవాడు. తను కర్ర పోటేసుకుంటూ వెనక సీటెక్కి, తోడల్లుడు బిగించిన సెట్టు ముందు కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. పెదాల మీద చిన్న నవ్వు. మోకాలి మీద వేలితో తాళం. అరగంట అలాగే. ఇంజను పొగ మింగుతూ ముందు నిలబడేది నేను, ఆయన్ని నవ్వించేది ఆ పచ్చరంగు డబ్బా. ఆ నెలంతా ఇదే వరస. సెట్టు సంగతులు నాకు తెలియవు, తెలుసుకోవాలనీ అనిపించలేదు.

ప్రదర్శన తొమ్మిది రోజులుందనగా తోడల్లుడు ఏరియల్ పట్టుకొచ్చాడు. దాని పింగాణీ దిమ్మ పగిలిపోయి ఉంటే కొత్తది చేయించడానికి అంతకాలం పట్టిందిట. బిగించి, నా దగ్గరికొచ్చాడు.

"అన్నయ్యా, ఇంజను ఆన్‌లో ఉంటే సెట్టు నిండా ఒకటే గోల. ప్లగ్గు నిప్పురవ్వ కొట్టినప్పుడల్లా దీంట్లో వినపడుతుంది. ఈ సప్రెసర్లు పెడితే ఆగిపోద్ది. కాస్త నువ్వు పెట్టవా? నీ ఇంజను మీద నేను చెయ్యి వెయ్యను."

బొటనవేలంత నల్లటి టోపీలు, నాలుగు. ప్లగ్గుకొకటి చొప్పున పెట్టాను. గోల మాయమైంది. ఊరికి అటు చివర అలాంటి సెట్టే ఉన్న ఇంకో పాత బండాయన మాట్లాడితే పక్కన కూర్చుని చెప్పినట్టు వినిపించింది. మామయ్య అత్తయ్యని పిలిచాడు, కూతుళ్ళని పిలిచాడు, హెడ్‌ఫోన్లు అందరి చెవులకీ తగిలించాడు. "చిన్నవాడి చేతిలో ఏదో మహత్తు ఉంది!" అంటూ ఆకాశానికెత్తేశాడు. చివరికి నా పెళ్ళాం కూడా, "మరిదిగారికి ఎంత ఓపికో చూశారా?" అంది. చూశాను. కళ్ళు కుట్టేదాకా చూశాను.

ప్రదర్శనకి ముందురోజు, శనివారం మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గరుండగా చెయ్యి కడుక్కుని వస్తానని లేచి షెడ్డులోకెళ్ళాను. నాలుగో ప్లగ్గు బాగా వెనక ఉంటుంది, వంగి చూస్తే తప్ప కనపడదు. దాని టోపీ పీకేసి, వైరు నేరుగా ప్లగ్గుకి తగిలించి, టోపీని చొక్కా జేబులో వేసుకున్నాను. ఇంజనుకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. తిరిగొచ్చి కూర్చుని మజ్జిగ పోయించుకుని శుభ్రంగా తిన్నాను.

ఆదివారం పొద్దున జీపు బయటికి తీశాం. తోడల్లుడు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. మొహం పాలిపోయింది.

"నిన్న పొద్దున బాగానే ఉందే!" అని సెట్టు మూత విప్పాడు. వాల్వులు ఒక్కొక్కటే తీసి తుడిచి పెట్టాడు. ఏరియల్ బిగించాడు, విప్పాడు, మళ్ళీ బిగించాడు. నేను పెట్టిన టోపీల మీద వాడికి అనుమానమే రాలేదు. చెమటతో చొక్కా వీపుకి అతుక్కుపోయింది. నేను మడ్‌గార్డుకి ఆనుకుని, మెరుస్తున్నదాన్నే మళ్ళీ తుడుస్తూ నిలబడ్డాను. అబద్ధమెందుకు, ఆ పావుగంట నాకు పండగలా ఉంది.

"నా తప్పే మామయ్యా. నిన్న ఇంకోసారి చూసుకోవాల్సింది" అన్నాడు, దాదాపు ఏడుపు గొంతుతో.

మామయ్య చెయ్యి చాపి హెడ్‌ఫోన్లు తీసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. మోకాలి మీద వేలు ఆడింది. పెదాల మీద ఆ పాత నవ్వే రాబోయి, సగంలో ఆగిపోయింది. కళ్ళు తెరిచి, "ఇంట్లో నా పెట్టెలో పాత కేబులుంటుంది, వెతికి పట్రా" అని చిన్నల్లుణ్ణి పంపించాడు. వాడు పరిగెత్తాడు.

"ఇంజను ఆపి ఇలా రా" అన్నాడు నాతో. "ఎన్నోది?"

"ఏంటి మామయ్యా?"

"నాలుగు ప్లగ్గులూ గోల చేస్తే జుమ్మని ఒకటే మోత. ఇది విడివిడిగా కొడుతోంది. అంటే ఒక్కటే. ఎన్నోది తీశావ్?"

తల కొట్టేసినట్టయింది. "నాలుగోది" అన్నాను.

"పెట్టెయ్."

జేబులోంచి తీసి పెట్టాను. బానెట్ దించాక ఆయన అడిగాడు.

"నెలరోజులు ఇక్కడ కూచుని నేనేం విన్నాననుకున్నావ్?"

"రేడియో."

"ఏరియల్ లేని సెట్టులో రేడియో ఎక్కడిదిరా? అది నీ ఇంజను. నాలుగూ ఒక్క దెబ్బ తప్పకుండా కొడుతుంటే సర్వీసులో ఉన్నట్టే ఉండేది నాకు. నేను నడిపిన బండి కూడా అంత సాఫీగా లేదు. బండి నీకేనని అప్పుడే మీ అత్తయ్యకి చెప్పేశా."

"మరి నాతో ఒక్క మాటైనా అనలేదే మామయ్యా?"

"వాడికి నాలుగు మెచ్చుకోళ్ళు పడితేగానీ చెయ్యి ఆడదు. నీకు అవసరం లేదనుకున్నా." ఆయన కర్ర అందుకున్నాడు. "పొరపాటు నాదే."

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

తోడల్లుడు రొప్పుతూ కేబులు తెచ్చాడు. మామయ్య నాకేసి చూడకుండానే, "అక్కర్లేదురా. తేడా ఇంజన్లో ఉంది. మీ అన్నయ్య సరిచేశాడు" అన్నాడు. ఆ మాటతో వాడు వచ్చి నన్ను గట్టిగా వాటేసుకున్నాడు. "అన్నయ్యా! నువ్వు లేకపోతే ఇవాళ నా పరువు గంగలో కలిసేది." నా చేతులు అలాగే వేలాడుతున్నాయి. నేనే తీశాను అని చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో మామయ్య తాళంచెవి తీసి వాడి కళ్ళముందే నా చేతిలో పెట్టాడు. "బండి ఇక మీ అన్నయ్యది."

వాడి మొహం వాడిపోతుందేమోనని చూశాను. వాడిపోవాలని కూడా కోరుకున్నాను. వాడు చప్పట్లు కొట్టాడు. "అదీ న్యాయం!" అన్నాడు, నిజంగా. కోరుకున్నది చేతిలో పడ్డాక కూడా వాడి మీద నాకు అసూయే కలిగింది. అంత తేలిగ్గా సంతోషించడం నా వల్ల కాదు.

ముందు సీట్లో నా పక్కన మామయ్య, వెనక సెట్టు దగ్గర వాడు. ప్రదర్శన మైదానం దాకా మామయ్య చూపు రోడ్డు మీదే ఉంది. గేటు దగ్గర జనం చేతులూపుతున్నారు. అద్దంలో చూస్తే, వాడు హెడ్‌ఫోన్లు రెండు చేతులతో నొక్కిపట్టుకుని తల ఊపుతున్నాడు.

"ఏం వింటున్నావ్?" అన్నాను, ఉండబట్టలేక.

"ఎక్కడెక్కడివో గొంతులన్నీ వస్తున్నాయి అన్నయ్యా!" అని అరిచాడు, మెచ్చుకోలుగా. "నీ ఇంజనొక్కటే అస్సలు వినపడట్లేదు."