ఒక్క మెషీన్‌కే

"బీకీ ఎనిమిదికీ తేడా తెలియని దానివి, నీకెందుకే ఈ కంప్యూటర్ పనులు?" అన్నాడు భర్త, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

ఆమె కంప్యూటర్ కొన్నప్పుడు ఇచ్చిన కార్డు మీది, ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిసిన కీని, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి, పైకి చదువుకుంటూ మళ్ళీ కొట్టింది. తెర మీద మళ్ళీ అదే మాట: ఈ కీ చెల్లదు. లేచి వెళ్ళి పొయ్యి కట్టేసి, అత్తగారికి మాత్రలిచ్చి, తడిచేతులు కొంగుకి తుడుచుకుని మళ్ళీ వచ్చి కూర్చుంది.

కంప్యూటర్ మొరాయిస్తే, వీడియో చూస్తూ ఆపరేటింగ్ సిస్టమ్ తనే మళ్ళీ ఎక్కించింది. అంతా ఎక్కింది, కీ దగ్గరే ఆగిపోయింది. రేపు పొద్దున కూతురు ఆ కంప్యూటర్ ముందే కూర్చుని ఉద్యోగ పరీక్ష రాయాలి. కీ పడని కంప్యూటర్లో పరీక్ష తెరుచుకోదని పరీక్ష పెట్టేవాళ్ళు ముందే చెప్పారు. పరీక్ష పోతే ఉద్యోగం పోయినట్టే, ఉద్యోగం లేకపోతే కూతురు కూడా తనలాగే చెయ్యి చాచి బతకాల్సిందే, అంతా తన చేతగానితనం వల్లే అనుకుంటూ ఆమె లోలోపల కుమిలిపోయింది. నిజంగానే తన కళ్ళే మోసం చేస్తున్నాయేమోనని కళ్ళజోడు తుడిచి, కూతురి చేత కూడా చదివించింది. అవే అక్షరాలు. చివరికి భయపడుతూనే కంపెనీ నంబరుకి ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టింది. అవతలి అమ్మాయి కీ చెప్పించుకుంది.

"మీరు సరిగ్గానే కొడుతున్నారు మేడమ్. ఈ కీ ఇప్పటికే ఇంకో మెషీన్‌లో నడుస్తోంది. దాని పేరు 'జిరాక్స్ కౌంటర్' అని ఉంది."

జిరాక్స్ షాపు మరిదిది. ఆమె ఫోన్ పట్టుకునే వెనక్కి తిరిగింది.

"ఓ, అదా!" అన్నాడు భర్త. "వాడికి అవసరం పడితే కార్డు ఫోటో తీసి పంపాను. నంబరేగా, ఇస్తే అరిగిపోతుందా?"

"తోడబుట్టినవాడికేగా ఇచ్చింది, ఊరందరికీ పంచాడా ఏం?" అంది అత్తగారు గదిలోంచి.

కుట్టు మిషనూ ఇలాగే వెళ్ళింది, నాలుగు రోజులకని ఆడపడుచు ఇంటికి. అడిగితే, నువ్వు పెద్దగా కుట్టేది ఏముందిలే అన్నారు. పోనీ, అదంటే వస్తువు. ఇతను పొద్దుటి నుంచీ ఇక్కడే కూర్చుని ఉన్నాడు. ఆమె కొట్టడం, తెర కాదనడం, కూతురు గోళ్ళు కొరుక్కోవడం అన్నీ చూస్తూనే ఉన్నాడు. ఒక్క మాట చెబితే తేలిపోయేదానికి, ఆమెకి అక్షరాలు రావన్నాడు. ఆమె కూడా నమ్మింది. ఎన్నేళ్ళుగా ఇలా ఎన్నెన్ని నమ్మిందో.

"మేడమ్, ఇది ఒక్క మెషీన్‌కే చెల్లుతుంది. కొన్నది ఎవరి పేరు మీద?"

"నా పేరు మీదే." ఆడవాళ్ళ పేరున కొంటే తగ్గిస్తామన్నారని ఆ రోజు భర్తే బిల్లు మీద ఆమె పేరు రాయించాడు.

"అయితే మీరు చెప్పినట్టే చేస్తాం. ఏ మెషీన్‌లో ఉంచమంటారు?"

భర్త పేపరు పక్కన పడేసి లేచాడు. "పెట్టెయ్ ఫోను. వాడి వ్యాపారం ఆగిపోతుంది. పరీక్ష ఇంకెక్కడైనా రాయిద్దాం."

ఎక్కడ రాయిస్తాడు? ఆ వెతుకులాట కూడా తన నెత్తినే పడుతుంది. మరిది రుసరుసలాడుతూ వస్తాడు, తోడికోడలు మాట్లాడటం మానేస్తుంది, అత్తగారు అన్నం ముందు నుంచి లేచిపోతుంది. అన్నీ ఆమెకి వరసగా కళ్ళ ముందు కదిలాయి.

"మా ఇంట్లో దాన్లో ఉంచమ్మా," అంది ఫోన్లో. "రెండోదాంట్లో తీసెయ్."

ఆమె మళ్ళీ కీ కొట్టింది. ఈసారి తెర చెల్లదనలేదు. కూతురు కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"రేపు తమ్ముడికి నేను ఏ మొహం చూపించను?" అన్నాడు భర్త.

"పొద్దుటి నుంచీ నాకు చూపించిన మొహమే," అంది ఆమె.