నేల కింద నెర్రె

తార్నాకలోని ఆ అపార్ట్‌మెంటు సెల్లారులో ఆదివారం పొద్దున్నే మురుగు పొంగింది. జనమంతా ముక్కులు మూసుకుని మీటింగు పెట్టుకున్నారు. సంఘం అధ్యక్షుడు చెన్నకేశవులు అనంతపురం మనిషి, సర్కారు ఉద్యోగి, ఏ పనైనా చిటికెలో తేల్చేస్తానంటాడు. వెనకవైపు ఎండిపోయిన బోరొకటి ఉంది. మురుగు గొట్టాన్ని అందులోకి దించేస్తే పీడ విరగడవుతుందని ఆయన ఆలోచన. పాఠకులారా, మన ముక్కుకు వాసన తగలకపోతే చాలు, మురుగు ఎటు పోయినా మనకు పట్టదు కదా.

"అది ఎవరి నీళ్లలోనన్నా కలుస్తాదేమోనని కొందరికి అనుమానం. మా హారిక చదివేది అదే గదా. చెప్పమ్మా," అన్నాడు కూతురితో.

హారిక యూనివర్సిటీలో రీసెర్చి చేస్తోంది. నేల కింద రాళ్ల సందుల్లో నీళ్లు ఎలా కదులుతాయో కంప్యూటర్లో లెక్కగట్టడం ఆమె పని. ఈ చుట్టుపక్కల రాయంతా ఒకే రకమన్నట్టు సగటు కట్టి ఇదివరకే చూసింది.

"యూనివర్సిటీ పక్కనున్న మాణికేశ్వర్ నగర్ దాకా పోవాలన్నా నలభై ఏళ్లు పడుతుంది నాన్నా," అంది.

అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. ప్లంబరును మర్నాడు సాయంత్రం రమ్మన్నారు.

మర్నాడు ల్యాబులో ఈ మాట గొప్పగా చెబితే, స్నేహితురాలు అమల మొహం వాడిపోయింది. ఇద్దరిదీ ఒకటే రీసెర్చి. అమల వాళ్లది మాణికేశ్వర్ నగరే.

"మేం తాగేది గల్లీల బోరు నీళ్లే హారికా. సగటు తీస్తే రాళ్లల్ల నీళ్లు ఉరికే నెర్రెలు ఏడ పోయినయ్?"

హారిక గతుక్కుమంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని గట్టిరాయిని గట్టిరాయిగా, నెర్రెను నెర్రెగా విడివిడిగా పెట్టి లెక్క మళ్లీ నడిపించారు. బయట వాన మొదలైంది. తెరమీద మురుగు దారిని చూపే నీలిచుక్కలు కదులుతుంటే హారిక కళ్లు మూతలు పడ్డాయి. తనే ఒక చుక్కయి ఎండిన బోరులోకి జారిపోతున్నట్టు అనిపించింది. బస్సుల హోరు పైనెక్కడో ఉండిపోయింది. యూనివర్సిటీ చెట్ల వేళ్లు తలమీదుగా సాగిపోయాయి. నల్లరాయి దగ్గర ఆగింది, మెత్తటి రాతిలో మెల్లగా తిరిగింది, అంతలో సన్నటి నెర్రె ఒకటి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఎంత చల్లగా, ఎంత హాయిగా ఉందో. పైన వెలుతురు కనబడింది. అక్కడ అమల తల్లి సోమమ్మ బిందె పట్టుకుని నిలబడి ఉంది.

ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. తెరమీది నీలిదారం ఆ గల్లీ బోరును ముట్టుకునే ఉంది. నలభై ఏళ్లు కాదు, ఈ వానాకాలం కూడా దాటదు.

పరుగున ఇల్లు చేరేసరికి ప్లంబరు గొట్టం బిగిస్తున్నాడు.

"నా లెక్క తప్పు నాన్నా. ఆపించు."

"నిన్న అందరి ముందర చెప్తివి గదమ్మా. ఇప్పుడు నా పరువేం కావాల?"

"అమల మనింటికి ఎప్పుడొచ్చినా అమ్మ మొదట మంచినీళ్ల గ్లాసు అందిస్తుంది. మనం వాళ్లింటికి ఏం పంపిస్తున్నాం నాన్నా?"

చెన్నకేశవులు ప్లంబరును పక్కకు జరగమన్నాడు. తర్వాత గొట్టాన్ని తానే పీకి పక్కన పడేశాడు.

"బోరు మూతికి సిమెంటు వెయ్యప్పా," అన్నాడు ప్లంబరుతో. పోగైన వాళ్లవైపు తిరిగాడు. "డ్రైనేజీ లైను బాగయ్యేదాకా ఈ కంపు మనమే భరిద్దాం. గోడలు నేల మీదనే కట్టుకున్నాం, నేల కింద గోడల్లేవు. మనం వద్దని వదిలింది ఎవరో ఒకరి బిందెలోకే చేరతాది."